చైన్ మిషన్‌లో చప్పుడా? పానా పట్టే ముందు సుద్దముక్క పట్టండి

కార్తీక పున్నమి దాటిందంటే ఒడిశాలోని కాశీనగర్ నుంచి గుణుపురం దాకా, వంశధార పక్క పల్లపు మళ్లలో పగలూ రాత్రీ వరికోత మిషన్ల మోతే. టైర్ మిషన్ దిగబడిపోయే మడిలోకి, టైర్లకి బదులు రబ్బరు చైన్ల మీద నడిచే చైన్ మిషన్ ఒక్కటే దిగగలదు కాబట్టి దానికి గిరాకీ ఎక్కువ, విశ్రాంతి తక్కువ. సరిగ్గా ఆ రోజుల్లోనే కింద నుంచి ‘ఠక్’ అని మొదలవుతుంది. లేదంటే బండి తనంతట తాను కుడికి లాగేస్తుంది, సీటు కింద వణుకు పుడుతుంది. రైతు గట్టు మీద నిలబడి ఉంటాడు, ట్రాక్టరు ట్రక్కు ఎదురు చూస్తూ ఉంటుంది. ఆ కంగారులో అయితే ‘పోనీలే’ అని నడిపేస్తాం, లేదా శ్రీకాకుళం మెకానిక్‌కి ఫోన్ కొడతాం. మొదటిదానికి చైన్ పోతుంది, రెండోదానికి రోజు పోతుంది.

రెండూ నేను చేసినవే. మూడేళ్ల క్రితం కాశీనగర్ దగ్గర కోస్తుంటే మా మిషన్ కింద నుంచి ఠక్‌మని కొట్టడం మొదలైంది. ఫోన్లోనే చప్పుడు విన్న ఒక మెకానిక్ ‘హెచ్‌ఎస్‌టీ పంపు పోయింది, విప్పాల్సిందే’ అని తేల్చేశాడు. హెచ్‌ఎస్‌టీ అంటే ఆయిల్ ఒత్తిడితో బండిని నడిపించే హైడ్రాలిక్ వ్యవస్థ. ఆయన చెప్పిన రేటు వింటే ఆ సీజన్ సంపాదన అక్కడే ఆగిపోయేటట్టుంది. ఆ రాత్రి నిద్ర పట్టక, తెల్లారి హెల్పర్ కుర్రాడిని బండి పక్కన నడిపించి, ఠక్‌మన్నప్పుడల్లా చెయ్యెత్తమన్నాను. ప్రతి 15 అడుగులకీ ఒకసారి ఎత్తాడు, ఒక్కసారి కూడా తప్పలేదు. పంపు పాడైతే చప్పుడు అడుగులు లెక్కపెట్టుకుని రాదు కదా. తీరా చూస్తే చైన్ లోపలి ఇనప పన్ను ఒకటి రబ్బరు చిరిగి వేలాడుతోంది, పై రోలర్ దగ్గరికి వచ్చినప్పుడల్లా దాన్ని కొడుతోంది.

అప్పటి నుంచి చప్పుడు వస్తే ముందు దాని లెక్క చూస్తాను, తర్వాతే పానా తీస్తాను. ఆ పద్ధతే ఇక్కడ వరసగా చెబుతున్నాను.

ముందు కడగండి

ఇది చాలామంది వదిలేసే పని. బురద గట్టిపడి రోలర్ల మధ్య, స్ప్రాకెట్ (చైన్‌ని తిప్పే పళ్ల చక్రం) గాడుల్లో ఇరుక్కుంటే చైన్ దానంతటదే బిగుసుకుపోతుంది. ఆ స్థితిలో చైన్ టెన్షన్ (బిగువు) చూస్తే ‘బాగానే ఉంది’ అనిపిస్తుంది. కడిగాక చూస్తే వేలాడుతుంది. ఒకవైపే బురద పట్టి ఉంటే బండి అటువైపు లాగుతుంది కూడా. అందుకే నీళ్ల పంపు పెట్టి లోపలి వైపు నుంచి కడగండి. బేరింగులు, వైరింగు, గాలి ఫిల్టరు మీదకి మాత్రం నీటిధార సూటిగా కొట్టకండి.

కడిగేటప్పుడు, కింద చెయ్యి పెట్టేటప్పుడు ఇంజను ఆపి తాళం చెవి మీ జేబులో వేసుకోండి, హెల్పర్ దగ్గర కాదు. కట్టర్ భాగాన్ని పైకెత్తి కిందకి దూరాల్సి వస్తే దాని లాక్ వెయ్యండి, దుంగ కూడా పెట్టండి. హైడ్రాలిక్‌ని నమ్మి కింద పడుకోకండి.

ఏ భాగం చప్పుడో విడదీయండి

గట్టి నేల మీద బండి నిలిపి, నూర్పు క్లచ్, కోత క్లచ్ రెండూ తీసేసి ఇంజను ఒక్కటే నడపండి. చప్పుడు, వణుకు అప్పుడే ఉంటే తప్పు ఇంజను వైపు. ఇంజను కింద రబ్బరు మౌంటింగులు పగిలాయా, వాటి బోల్టులు వదులయ్యాయా, సైలెన్సర్ ఎక్కడైనా రేకుకి తగులుతోందా చూడండి. తర్వాత నూర్పు క్లచ్ వెయ్యండి. ఆ తర్వాత కోత క్లచ్. ఏది వెయ్యగానే మొదలైతే ఆ వరసలోనే దోషం ఉంది. మూడింటికీ రాకపోతే నూర్పు, కోత రెండూ మళ్లీ తీసేసి బండిని ముందుకు నడిపి చూడండి. నడిస్తేనే వచ్చి, ఆగితే ఆగిపోయే చప్పుడు కింది భాగానిదో, దాన్ని తిప్పే గేరు పెట్టెదో.

ఇంకో మాట. బండి వేగంతో పాటు చప్పుడు వేగం పెరిగితే కింద వెతకండి. బండి నిలబడి ఉన్నా రేసు ఇస్తే పెరిగేదైతే పైన వెతకండి.

సుద్దముక్క లెక్క

చైన్ లోపలి వైపు గానీ అంచు మీద గానీ 500×90×51 లాంటి అంకెలు అచ్చుపోసి ఉంటాయి. మొదటిది వెడల్పు మిల్లీమీటర్లలో, రెండోది ఒక ఇనప పన్నుకీ తర్వాతి దానికీ మధ్య దూరం, మూడోది మొత్తం పళ్ళు ఎన్ని అన్నది. 90ని 51తో గుణిస్తే 4,590 మిల్లీమీటర్లు, అంటే సుమారు 15 అడుగులు. చైన్ ఒక చుట్టు తిరిగితే బండి జరిగే దూరం అదే. మీ చైన్ మీద ఉన్న అంకెలతో మీ లెక్క మీరు కట్టుకోండి.

స్ప్రాకెట్ పళ్ళు కూడా లెక్కపెట్టండి. ఒక్కో పన్ను చైన్‌లో ఒక్కో గాడిలో పడే రకమైతే, తొమ్మిది పళ్ళున్న దానికి 9×90, అంటే 810 మిల్లీమీటర్లు. రెండున్నర అడుగుల పైచిలుకు. రోలర్ అయితే దాని అడ్డు కొలతని 3.14తో గుణించండి. 200 మిల్లీమీటర్ల రోలర్ ఒక చుట్టుకి రెండడుగులు నడుస్తుంది.

ఇప్పుడు చైన్ మీద ఒకచోట, స్ప్రాకెట్ మీద ఒకచోట సుద్దతో గట్టి గీత గీయండి. తడిగా ఉంటే సుద్ద నిలవదు, పెయింటు చుక్క పెట్టండి. ఇంకొకరిని బండికి నాలుగడుగుల దూరంలో, చైన్‌కి అడ్డం రాకుండా పక్కనే నడవమనండి. నెమ్మదిగా, మనిషి నడక కంటే తక్కువ వేగంతో నడపండి. చప్పుడు వచ్చినచోట నేల మీద పుల్ల గుచ్చమనండి. మా కుర్రాడు మొదట్లో ‘ఏంటి భాయినా, పొలంలో క్రికెట్ పిచ్ కొలుస్తున్నామా’ అని నవ్వాడు. నాలుగు పుల్లలు గుచ్చాక వాటి మధ్య దూరం టేపుతో కొలిస్తే జవాబు వచ్చేస్తుంది. 15 అడుగులకి ఒకసారి అయితే చైన్‌లోనే ఒకచోట దెబ్బ. రెండున్నర అడుగులకైతే స్ప్రాకెట్. రెండడుగులకైతే రోలర్. దూరం ఒకలా లేకపోతే, మలుపులోనో వెనక్కి నడిపినప్పుడో మాత్రమే వస్తుంటే, అది చైన్ వదులై పళ్ళు దాటేస్తున్న చప్పుడు అయ్యుండొచ్చు.

చైన్‌కి మామూలుగా ఉండే గుర్రుమనే మోత వేరు, దాన్ని చూసి భయపడకండి. సెకనుకి ఒక మీటరు చొప్పున నడుస్తుంటే 90 మిల్లీమీటర్ల పళ్ళు సెకనుకి 11 సార్లు స్ప్రాకెట్‌ని తాకుతాయి. ఆ మోత వేగంతో పాటు సమానంగా పెరిగితే ఆరోగ్యమే. కొత్త చైన్‌కి మోత కాస్త ఎక్కువ వినిపించినా కంగారు అక్కర్లేదు.

టెన్షన్

నా అనుభవంలో కింది చప్పుళ్లలో సగం ఇక్కడే తేలిపోతాయి. గట్టి, చదునైన నేల మీద బండి నిలిపి, ఛాసిస్ కింద జాకీ పెట్టి ఒకవైపు చైన్ నేల వదిలేదాకా ఎత్తండి. జాకీ కింద వెడల్పాటి చెక్క, ఛాసిస్ కింద రెండు దుంగలు తప్పనిసరి. చైన్ వేలాడాక, మధ్య రోలర్ కింది అంచుకీ చైన్ లోపలి ముఖానికీ మధ్య ఖాళీ కొలవండి. ఎన్ని మిల్లీమీటర్లు ఉండాలో మీ మిషన్‌తో వచ్చిన పుస్తకంలో ఉంటుంది. మోడల్‌ని బట్టి మారుతుంది కాబట్టి పక్క ఊరి డ్రైవర్ చెప్పిన అంకె పట్టుకోకండి. వెనకవైపు ఐడ్లర్ (చైన్ చివర తిరిగే చక్రం) దగ్గర ఉండే టెన్షన్ బోల్టు లాక్ నట్టు వదులు చేసి, కొంచెం తిప్పి, చైన్‌ని ఒకటి రెండు చుట్లు తిప్పి మళ్లీ కొలవండి. తిప్పకుండా కొలిస్తే ఖాళీ తప్పు చూపిస్తుంది. అయ్యాక లాక్ నట్టు బిగించడం మరచిపోతే మర్నాటికి మళ్లీ వదులే.

రెండు వైపులా ఒకే కొలత ఉండాలి. ఒకటి బిగువు, ఒకటి వదులు అయితే బండి లాగుతుంది. బండిని మళ్లించే లివర్ పాడైందనుకుని మనం లివర్ వెనక పడతాం.

వదులైతే ఏమవుతుందో అందరికీ తెలుసు: మలుపులో ‘టక్ టక్’, గట్టు దాటేటప్పుడు చైన్ జారిపోవడం. ఎక్కువ బిగిస్తే వచ్చే నష్టం మాత్రం చాలామందికి పట్టదు. ఒకసారి జారితే ఆ కోపంలో గట్టిగా బిగించేస్తాం. దాంతో రోలర్ బేరింగుల మీద, స్ప్రాకెట్ షాఫ్టు మీద బరువు పెరుగుతుంది, ఇనప పళ్ళు త్వరగా అరుగుతాయి, డీజిల్ ఎక్కువ తాగుతుంది, బండి ఈడ్చుకుంటూ నడుస్తుంది. కొత్త చైన్ వేశాక మొదటి రోజుల్లో వదులు పడుతుంది, అప్పుడు ఒకటికి రెండుసార్లు చూడండి.

రోలర్లు, స్ప్రాకెట్

బండి ఎత్తి ఉండగానే ప్రతి రోలర్‌నీ చేత్తో తిప్పండి. సాఫీగా, చప్పుడు లేకుండా తిరగాలి. గరగరలాడితే బేరింగ్ పోతోందని అర్థం. తిరగకపోతే ఎప్పుడో పోయింది, చైన్ దాని మీద ఈడ్చుకుని ఒకచోట చదునుగా అరగదీసి ఉంటుంది. గునపం కింద పెట్టి పైకి లేపి చూడండి. వదులుగా కదిలితే షాఫ్టో బేరింగో అరిగింది. రోలర్ పక్కన బురద మీద నల్లటి జిడ్డు మరక ఉంటే ఆయిల్ సీలు చిరిగిందన్నమాట. సీలు పోతే నీళ్లు దూరతాయి, నీళ్లు దూరితే బేరింగ్ ఎన్నాళ్లో నిలవదు. యూరియా బస్తాల ప్లాస్టిక్ దారం, గడ్డి మోపులు కట్టే తాడు షాఫ్టుకి చుట్టుకుని సీలు కొరికేయడం మా వైపు మామూలు. కొడవలితో కోసి తీసేయండి.

ఏ రోలరో చేతికి తెలియకపోతే ఇంకో చిట్కా. పావుగంట నడిపి ఆపి, అరచేతి వెనక భాగాన్ని రోలర్‌కి దగ్గరగా పెట్టి చూడండి, తాకకుండానే. మిగతావాటికంటే వేడిగా తగిలేదే దొంగ. ఆన్‌లైన్లో దొరికే ఉష్ణోగ్రత గన్ను ఒకటి కొనుక్కుంటే ఇంకా నయం.

స్ప్రాకెట్ పళ్ళు ఒకవైపుకి వంగి కొక్కెంలా అయితే అరిగిపోయినట్టే. కొన్ని మిషన్లలో ఎడమ కుడి స్ప్రాకెట్లని అటూ ఇటూ మార్చి అరగని ముఖాన్ని వాడుకోవచ్చు. ఖర్చు వాయిదా పడుతుంది. కానీ బాగా అరిగిన స్ప్రాకెట్ మీద కొత్త చైన్ వేయకండి. పళ్ళ మధ్య దూరం కుదరక అది కొత్త చైన్ ఇనప పళ్ళని తినేస్తుంది.

చైన్‌లో ఒక పన్ను ఊడితే చాలామంది నడిపేస్తారు. ఒకటికి నేనూ నడిపేస్తాను, వేలాడుతున్న ముక్క తీసేసి. పక్కపక్కన రెండు ఊడితే మాత్రం నడపను. రబ్బరు లోతుగా చీలి లోపలి స్టీలు తీగ కనబడితే నీళ్లు దిగి తుప్పు పడుతుంది, తీగ తెగితే చైన్ మడి మధ్యలో తెగుతుంది. మడి మధ్య తెగిన చైన్‌ని లాగడం ఎంత నరకమో చెప్పక్కర్లేదు.

బండి లాగుతుంటే

ముందు నేల తప్పా, బండి తప్పా తేల్చండి. గట్టి చదును నేల మీద 20 మీటర్ల తాడు సూటిగా పరచండి. దాని వెంట బండి పెట్టి లివర్ వదిలేసి నెమ్మదిగా నడపండి, చివర ఎంత పక్కకి జరిగిందో చూడండి. తర్వాత బండి తిప్పి, అదే తాడు వెంట ఎదురు దిశలో రండి. రెండుసార్లూ తూర్పుకే జరిగితే నేల వాలు. రెండుసార్లూ బండి కుడికే జరిగితే బండిలో దోషం. మన దగ్గర ఎక్కువగా తిరిగే చైన్ మిషన్లలో ధాన్యం ట్యాంకు ఒక పక్కకే ఉంటుంది కాబట్టి ట్యాంకు ఖాళీగా ఒకసారి, నిండుగా ఒకసారి చూడండి. నిండితేనే లాగితే అది బరువు, అందులో బాగుచేసేదేమీ లేదు.

బండిదే దోషమైతే వరస ఇది: బురద, టెన్షన్, తిరగని రోలర్, ఆ తర్వాతే లివర్. సైడ్ క్లచ్, బ్రేకు ఉన్న మిషన్లలో లివర్ కొంచెం లాగితే అటువైపు చైన్‌కి పవర్ తెగి బండి నెమ్మదిగా మళ్లుతుంది. ఇంకా లాగితే ఆ చైన్‌కి బ్రేకు పడి గిర్రున తిరుగుతుంది. ఈ రెండు దశలే మీకు జవాబు చెబుతాయి. కొంచెం లాగితే మళ్లక, పూర్తిగా లాగితే ఒక్కసారిగా తిరిగితే క్లచ్ సరిగా విడవడం లేదు. లింకు రాడ్‌లో ఆట ఎక్కువైందా, పిన్ను అరిగిందా చూడండి. నెమ్మదిగా మళ్లుతుంది గానీ గిర్రున తిరగకపోతే బ్రేకు అరిగింది. ఏమీ లాగకుండానే ఒకవైపు ఈడుస్తూ, అటువైపు గేరు పెట్టె ఎక్కువ వేడెక్కుతుంటే బ్రేకు పట్టేసి ఉంది. ఎడమ, కుడి రెండు వైపులా లివర్ ఆట సమానంగా ఉందో లేదో వేళ్లతో చూస్తే తెలుస్తుంది. హైడ్రాలిక్ లివరైతే ఆయిల్ లెవెల్, ఫిల్టరు కూడా చూడండి.

హెచ్‌ఎస్‌టీ

దీని చప్పుడు ఠక్‌మని ఉండదు, ఈల వేసినట్టు కూతలా ఉంటుంది. లోడు పడితే పెరుగుతుంది. పొద్దున బాగుండి, మధ్యాహ్నం ఆయిల్ వేడెక్కాక బండి బలం తగ్గితే అనుమానించాల్సిందే. అయినా పంపు విప్పే ముందు నాలుగు చూడండి: పంపుకి పవర్ ఇచ్చే బెల్టు జారుతోందా, ఆయిల్ లెవెల్ తగ్గిందా, ఫిల్టరు మార్చి ఎన్నాళ్లయింది, కూలర్ మీద పొట్టు పేరుకుందా. ఆయిల్ పాలలా తెల్లగా ఉంటే నీళ్లు కలిశాయి, అప్పుడు నడపడం ఆపేయండి. పుస్తకంలో రాసిన ఆయిలే పొయ్యండి, డబ్బాలో మిగిలిందని ఏదో ఒకటి కలపకండి. న్యూట్రల్‌లో కూడా బండి పాకుతుంటే చాలాసార్లు లింకు సర్దితే సరిపోతుంది.

పైనుంచి వణుకు

2018 అక్టోబర్‌లో తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటి ఒడిశాలోని గజపతి జిల్లా మీదుగా వెళ్లింది. అప్పుడు నేను హెల్పర్‌ని. పడిపోయిన తడి చేను కోస్తుంటే గడ్డి తాడులా మెలికపడి నూర్పు డ్రమ్ము షాఫ్టు చివర చుట్టుకుంది. బేరింగు పక్కన ఎంత గట్టిగా పట్టిందంటే, కత్తితో గంట సేపు కోస్తే గానీ రాలేదు. బండి అంతా ఊగిపోతుంటే మేం కింద రోలర్లు వెతుకుతూ కూర్చున్నాం. నూర్పు క్లచ్ తీసి చూద్దామన్న ఆలోచనే రాలేదు.

డ్రమ్ము పన్ను ఒకటి విరిగినా, వంగినా తూకం తప్పి వణుకు పుడుతుంది. కొత్తది వేసేటప్పుడు దానికి సరిగ్గా ఎదురుగా ఉన్నదీ మార్చండి, రెండింటి బరువూ కిరాణా కాటా మీద పోల్చి చూడండి. బేరింగు అనుమానమైతే పొడవాటి స్క్రూడ్రైవర్ కొనని బేరింగు గూడు మీద ఆనించి, పిడిని చెవి దగ్గర పెట్టి వినండి. మూత తీసిన చోట, తిరిగే బెల్టు పక్కన ఈ పని చేయకండి. పొద్దున మంచు తడికి బెల్టు కీచుమంటే ఎండెక్కాక పోతుంది. ఎండెక్కినా పోకపోతే బెల్టు వదులు. కట్టర్ దగ్గర టకటకలు రివెట్లు వదులైతే వస్తాయి, పది నిమిషాల పని.

రోడ్డు మీద

గుల్మార్గ్‌లో టూరిస్టుల్ని మంచు మీద తిప్పే స్నో బైకుల కింద కూడా రబ్బరు చైనే ఉంటుంది. అది ప్లాస్టిక్ పట్టీల మీద జారుతుంది. ఆ పట్టీలకి మంచే గ్రీజు, మంచే చల్లదనం. మంచు లేని నేలెక్కితే వేడికి కరిగిపోతాయి. మన చైన్‌కి తడి మడి అలాంటిది. తారు రోడ్డు మీద వేడెక్కి అరుగుతుంది, అక్కడే నిలబెట్టి గిర్రున తిప్పితే అంచులు చీలతాయి. పర్లాకిమిడి నుంచి పాతపట్నం వైపు పోవాలన్నా లారీ ఎక్కించే పొండి. రేకుల మీద ఎక్కేటప్పుడు సూటిగా ఎక్కండి, మధ్యలో లివర్ ముట్టకండి. గట్టు దాటేటప్పుడూ అంతే, అడ్డంగా కాదు, ఎదురుగా.

ఇంత చూశాక కూడా తేలకపోతే మెకానిక్‌ని పిలవండి. ఫోన్లో చప్పుడు వినిపించడం కాదు, లెక్క చెప్పండి: చైన్ మీది అంకెలు, ఎన్ని అడుగులకి ఒకసారి వస్తోంది, క్లచ్ తీస్తే ఉంటోందా, వేడెక్కాక పెరుగుతోందా, మీటర్ మీద గంటలు ఎన్ని. అంకెల ఫోటో వాట్సాప్‌లో పంపితే వచ్చేటప్పుడే సరైన సామాను తెస్తాడు.